దివాణం దాటిన దొరబిడ్డ: డ్రౌ విజార్డ్‌ని తయారు చేసుకోవడం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రలాటలో, భూగర్భంలో ఉండే డార్క్ ఎల్ఫ్‌ని డ్రౌ అంటారు. పెద్ద హౌస్‌లో (దొరల వంశంలో) పుట్టి, లోకం చూడాలని ఇల్లు దాటిన కుర్ర విజార్డ్‌ని (మంత్రగాణ్ణి) ఆడాలని చాలామందికి మోజు. పాత్ర చప్పబడేది ఒక్క చోటే: దొరతనం కథలో ఉంటుంది, పాత్ర అంకెలు రాసుకునే షీట్‌లో ఉండదు. స్వేచ్ఛేమో మూలన కూర్చుని నిట్టూర్చడంతో సరిపోతుంది. రెండింటినీ లెక్కల్లోకి దించితేనే ఆట.

ఇక్కడి లెక్కలు 2014 రూల్స్‌వి, ఇప్పటికీ చాలామంది ఆడుతున్నారు కాబట్టి. షీట్ ఇంటి దగ్గరే నింపి తెచ్చుకోండి. బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు దాటుకుని నలుగురూ మారతహళ్లి చేరేసరికే సాయంత్రం సగం అయిపోతుంది. ఆ మిగిలిన సగం స్పెల్స్ (మంత్రాలు) ఏరుకోవడానికి పెట్టకండి.

పాయింట్ బై, అంటే సామర్థ్యాల స్కోర్లు కొనుక్కునే పాయింట్లు, 27. ఇంటెలిజెన్స్ 15కి తొమ్మిది, డెక్స్‌టెరిటీ 15కి తొమ్మిది, కాన్‌స్టిట్యూషన్ 14కి ఏడు, విజ్డమ్ 10కి రెండు. స్ట్రెంగ్త్, కరిష్మా 8 దగ్గరే వదిలేయండి. డ్రౌకి మామూలుగా వచ్చేది డెక్స్‌టెరిటీకి 2, కరిష్మాకి 1. 2020లో వచ్చిన టాషా అనే అదనపు రూల్స్ పుస్తకం ప్రకారం వాటిని మార్చుకోవచ్చు, డీఎంని (ఆట నడిపేవాణ్ణి) ముందే అడగండి. ఒప్పుకుంటే ఇంటెలిజెన్స్ 17, డెక్స్‌టెరిటీ 16. హిట్ పాయింట్లు మాత్రం ఎనిమిదే. గట్టి కత్తిదెబ్బ ఒక్కటి పడితే చాలు, కింద పడతాడు.

వయసు దగ్గర పొరపాటు పడతారు. ఎల్ఫ్‌లు నూరేళ్లకి గానీ పెద్దవాళ్ల లెక్కలోకి రారు. కాబట్టి మీ కుర్రాడికి నూట ఐదేళ్లు వేయండి.

బ్యాక్‌గ్రౌండ్ నోబుల్. హిస్టరీ, పర్స్యువేషన్, మంచి దుస్తులు, ముద్ర ఉంగరం, వంశపత్రం, 25 బంగారు నాణేలు వస్తాయి. దీని ఫీచర్ పేరు పొజిషన్ ఆఫ్ ప్రివిలేజ్: పెద్దింటి బిడ్డ అని గుమ్మాలు తెరుచుకోవడం. నేల మీద డ్రౌ ముఖం చూస్తే తెరిచిన గుమ్మాలు కూడా మూసుకుంటాయి. ఫీచర్ పనికిరాలేదని గొణక్కండి, పాత్రలోని పసంతా అక్కడే ఉంది. లోల్త్ అనే దేవతని కొలిచే డ్రౌ నగరాల్లో అధికారం ఆడవాళ్లది, పూజారిణులది. మగపిల్లాడికి ఎంత పెద్ద హౌస్ అయినా అక్కల కింద స్థానమే. కన్నతల్లే ఏలిక. అమ్మా అనాలో, ఏలినవారూ అనాలో తేల్చుకోలేక పెరిగినవాడు వీడు. ఇల్లు వదలడానికి ఇంతకన్నా విషాదగాథ అక్కర్లేదు. అరపేజీలో మూడు సంగతులు రాయండి: ఏం ఎత్తుకొచ్చాడు, దానికోసం ఎవరు వెతుకుతున్నారు, మొదట ఏం చూడాలనుకుంటున్నాడు. మూడోది “ప్రపంచం” అని రాస్తే డీఎం ఏమీ చేయలేడు. “వాన” అని రాస్తే సెషన్‌లో కురిపిస్తాడు.

ఎత్తుకొచ్చింది స్పెల్‌బుక్కే అయితే బాగా అతుకుతుంది. మొదటి లెవెల్‌లో అందులో ఆరు స్పెల్స్. మేజ్ ఆర్మర్, షీల్డ్, స్లీప్, మ్యాజిక్ మిస్సైల్, ఈ నాలుగూ ప్రిపేర్ చేసుకునేవి. ఇంటెలిజెన్స్ మాడిఫైయర్ 3, లెవెల్ 1, కలిపితే నాలుగు. ఫైండ్ ఫెమిలియర్, కాంప్రహెండ్ లాంగ్వేజెస్ రిచువల్స్, ప్రిపేర్ చేయకుండా పుస్తకం చూసే చేయొచ్చు. స్లాట్లు, అంటే రోజుకి స్పెల్స్ వేయగల ఖాళీలు, రెండే. మేజ్ ఆర్మర్ ఒకటి మింగి ఎనిమిది గంటలు ఏసీ (మిమ్మల్ని కొట్టాలంటే అందుకోవాల్సిన అంకె) 16 ఇస్తుంది, షార్ట్ రెస్ట్‌లో (కాసేపటి విశ్రాంతిలో) ఆర్కేన్ రికవరీ ఒకటి తిరిగిస్తుంది. స్లాట్లకి చింతపిక్కలు పెట్టుకోండి. వాడిన పిక్కని డీఎం వైపు తోసేస్తే ఎవరూ లెక్క తప్పరు.

ఇక ఎండ. చాలామంది చదవకుండా దాటేసే రూల్ ఇదే. మీరు గానీ, మీ గురి గానీ నేరుగా ఎండలో ఉంటే అటాక్ రోల్‌కి (కొట్టడానికి వేసే డైస్‌కి) డిస్‌అడ్వాంటేజ్. చెట్టు నీడన నక్కినా శత్రువు ఎండలో ఉంటే అంతే సంగతి. నిప్పు విసిరే ఫైర్ బోల్ట్ స్పెల్‌కి, రోల్ మీద మీకు కలిసేది 5. ఏసీ 16 ఉన్నవాడిని కొట్టాలంటే డీ20 (ఇరవై ముఖాల డైస్) మీద 11 రావాలి, అంటే సగానికి సగం. ఎండలో రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవాలి కాబట్టి అది నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే పగటికి మైండ్ స్లివర్ లాంటి స్పెల్ పెట్టుకోండి. అక్కడ మీరు రోల్ చేయరు, సేవ్ (తప్పించుకునే రోల్) వేసుకోవాల్సింది శత్రువే. మ్యాజిక్ మిస్సైల్ గురి తప్పదు, స్లీప్‌కి అటాక్ రోలే లేదు. ఫైర్ బోల్ట్ గుహలకి ఉంచండి.

దీనికి ఇంకో మందు గుడ్లగూబ. ఇంటి మీద వాలితే అరిష్టమంటారు గానీ ఫెమిలియర్లలో (విజార్డ్ పిలుచుకునే తోడు జంతువుల్లో) దాన్ని మించింది లేదు. శత్రువు దగ్గరికి ఎగిరి హెల్ప్ చేసి (మీ రోల్‌కి అడ్వాంటేజ్ ఇచ్చి: రెండు డైస్‌లో ఎక్కువది మీది), తిరిగి దెబ్బ తినకుండా వెళ్లిపోతుంది. ఆ అడ్వాంటేజ్‌కీ ఎండ డిస్‌అడ్వాంటేజ్‌కీ చెల్లుకు చెల్లు, మామూలు రోల్ వస్తుంది. పిలవడానికి పది నాణేల బొగ్గు, సాంబ్రాణి, మూలికలు కాలిపోవాలి. అది చస్తే మళ్లీ పది. అమ్మగారింటి పాతిక నాణేలతో రెండు సార్లే పిలవగలరు. దొరబిడ్డకి డబ్బు విలువ తెలిసేది అప్పుడే.

పుస్తకం పోతే విజార్డ్ పని అయిపోయినట్టే. డబ్బు చేతికి రాగానే నకలు రాయండి. సొంత స్పెల్‌కి లెవెల్‌కి పది నాణేలు, గంట. ఆరింటికీ 60 నాణేలు, ఆరు గంటలు. కొత్తగా దొరికిన స్పెల్ ఎక్కించాలంటే లెవెల్‌కి 50 నాణేలు, రెండు గంటలు.

చీకట్లో చూపు 120 అడుగులు. అంగుళానికి ఐదడుగుల లెక్కన 24 గడులు. అవెన్యూ రోడ్డులో కొన్న ఏ2 గీతల కాగితం నిలువు కూడా అంత రాదు. కాబట్టి మ్యాప్ మీద చీకట్లో ఏముందో మీరే ముందు అడగండి. మూడో లెవెల్‌లో వచ్చే ఫేరీ ఫైర్ స్పెల్ మీద ఆశ పెట్టుకోకండి. అది కరిష్మా మీద నడుస్తుంది, అప్పటికి డీసీ (శత్రువు సేవ్‌కి రావాల్సిన అంకె) 9 మాత్రమే. ఐదులో వచ్చే డార్క్‌నెస్‌తో అంతకన్నా జాగ్రత్త. డ్రౌ కదా, అందులో కనిపిస్తుందనుకుంటారు. మాయచీకటిలో డార్క్‌విజన్ పనిచేయదు, మీతోపాటు మీ పార్టీకీ కళ్లు పోతాయి.

మాట తీరుకి తెలుగు బాగా కలిసొస్తుంది. మొదట్లో అందరినీ “తాము” అననివ్వండి, వంటవాడికి మాత్రం ఆజ్ఞలు. బార్బేరియన్ ఏదో ఒక రోజు “ఒరేయ్, ఇటు రా” అంటాడు. ఆ రోజు మీవాడు ఉలిక్కిపడాలి. అతన్ని తిరిగి “ఏంట్రా” అనడానికి మూడు నాలుగు సెషన్లు తీసుకోండి, తొందరపడొద్దు.

మీ టేబుల్ 2024 రూల్స్ ఆడుతుంటే ఎండ బాధ లేదు, డ్రౌ స్పెల్స్‌కి ఇంటెలిజెన్స్ ఎంచుకోవచ్చు, ఫేరీ ఫైర్ అక్కరకొస్తుంది. స్టాట్ పెంపు నోబుల్ నుంచే వస్తుంది, అయితే అందులో డెక్స్‌టెరిటీ లేదు, ఇంటెలిజెన్స్‌కే 2 వేయండి. సబ్‌క్లాస్ రెండో లెవెల్‌లో కాకుండా మూడో లెవెల్‌లో.