పగడపు దీవిలో సర్ఫింగ్: విమానం దిగినప్పటి నుంచి మొదటి అల వరకు ఏం చేయాలి?

విమానం దిగి, గదిలో సామాను పడేసి, అరగంటలో బోర్డు చంకన పెట్టుకుని సముద్రంలోకి పరుగెత్తేవాళ్లను ప్రతి ట్రిప్పులోనూ చూస్తున్నాను. రెండో రోజుకల్లా వాళ్లలో ఒకరో ఇద్దరో పాదాలకు కట్లతో వరండాలో కూర్చుని ఉంటారు. వాళ్లేమీ సర్ఫింగ్ రానివాళ్లు కారు. ఇసుక బీచ్‌లో బాగా చేసేవాళ్లే. ఇసుక బీచ్‌లో ఎక్కడ దిగినా, ఎక్కడ ఒడ్డెక్కినా ఫర్వాలేదు. ఉష్ణమండల దీవుల్లో మాత్రం మంచి అలలు చాలావరకు పగడపు దిబ్బ మీద, అంటే రీఫ్ మీద విరుగుతాయి. అక్కడ సముద్రం లోపలికి వెళ్లడానికి ఒక దారి, ఒడ్డుకి బయటికి రావడానికి ఒక దారి ఉంటాయి. ఆ రెండూ తెలియకుండా దిగకూడదు.

1. సామాను

బోర్డు అడుగున ఉండే రెక్కల్ని, అంటే ఫిన్లని ఊడదీసి బోర్డు ముక్కుకి, తోకకి, అంచులకి తువ్వాళ్లు చుట్టండి. రెండు లీష్‌లు (బోర్డుని కాలికి కట్టే తాళ్లు), ఫిన్లు బిగించే కీ, బోర్డు పగుళ్లు పూడ్చడానికి ఎండకు గట్టిపడే రెజిన్ ట్యూబు, పొడుగు చేతుల రాష్‌గార్డు (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా), రీఫ్ బూట్లు పెట్టుకోండి. కాళ్లు జారకుండా బోర్డు మీద రుద్దే వ్యాక్స్ ట్రాపికల్ అని రాసి ఉన్నదే కొనండి. చల్లటి నీళ్ల కోసం చేసింది ఇక్కడ మెత్తబడి జారిపోతుంది. సన్‌స్క్రీన్ జింక్‌ది తీసుకోండి. పగడాలకు హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయిలో 2021 జనవరి 1 నుంచి నిషేధించారు. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. దీవికి చివరి విమానం చిన్నదైతే, మీ బోర్డు పొడవుకి ఒప్పుకుంటారో లేదో టికెట్ కొనకముందే అడగండి.

బూట్లు వేసుకుంటే బోర్డు మీద పట్టు తెలియదని కొందరు వాదిస్తారు. పట్టు రెండు రోజుల్లో అలవాటవుతుంది. అరికాల్లో విరిగిన సీ అర్చిన్ (ముళ్ల బంతిలాంటి సముద్ర జీవి) ముల్లు రెండు రోజుల్లో పోదు. బూట్లు వేసుకోవాల్సిందే.

2. దిగిన రోజు

బోర్డు బ్యాగు ఎయిర్‌పోర్టులోనే తెరిచి చూడండి. అంచుల వెంట బొటనవేలు నడిపిస్తే కంటికి కనబడని పగులు కూడా గోటికి తగులుతుంది. పగులున్న బోర్డుని నీళ్లలో పెడితే లోపలి ఫోమ్ నీళ్లు పీల్చేస్తుంది. పూర్తిగా ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, నీడలో రెజిన్ రాసి, అప్పుడు ఎండలో పెట్టండి.

ఆ రోజు సర్ఫింగ్ చేయొద్దు. ప్రయాణంలో ఒళ్లు బిగుసుకుపోయి ఉంటుంది, ఒంట్లో నీళ్లు తగ్గి ఉంటాయి. దానికి బదులు సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు రీఫ్ దగ్గరికి వెళ్లి చూడండి. నీళ్లు తగ్గినప్పుడు మొనదేలిన పగడాలు, గుంతలు, పగుళ్లు అన్నీ బయటపడతాయి. రేపు మీ పాదాల కింద ఉండబోయేది అదే. ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి.

3. రేపటి అల ఎలా ఉంటుంది

అలల అంచనా చూసేటప్పుడు అందరూ ఎత్తు చూస్తారు. నేను ముందు చూసేది రెండు అలల మధ్య ఎన్ని సెకన్లు అన్నది. 7 సెకన్ల అల దగ్గర్లోని గాలి లేపింది. 15 సెకన్ల అల ఎక్కడో దూరపు తుఫానులో పుట్టి వచ్చింది. ఎత్తు అంకె ఒకటే అయినా, రెండోది రీఫ్ మీదికి వచ్చేసరికి చాలా బలంగా లేస్తుంది. ఇక గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తే అల ముఖం నున్నగా నిలబడుతుంది. బాలిలో సుమారు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఆగ్నేయ గాలి కాబట్టి పడమటి తీరం బాగుంటుంది, వానాకాలంలో తూర్పు తీరం. చాలా దీవుల్లో పొద్దున్నే గాలి నెమ్మదిగా ఉంటుంది కాబట్టి తెల్లవారకముందే లేవాలి.

4. లోపలికి, బయటికి దారి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. నిదానంగా చదవండి.

ఒడ్డున కాస్త ఎత్తయిన చోట కనీసం నలభై నిమిషాలు కూర్చోండి. ఫిలిప్పీన్స్‌లో సియార్గావ్ దీవిలో క్లౌడ్ నైన్ అనే సర్ఫింగ్ చోటు దగ్గర రీఫ్ మీదుగా చెక్క వంతెన ఉంది, అక్కడి నుంచి అలలు దగ్గరగా కనిపిస్తాయి. మీరున్న చోట అలాంటిది లేకపోతే ఏదో ఒక గట్టు వెతుక్కోండి. నలభై నిమిషాలు ఎందుకంటే పెద్ద అలలు గుంపులుగా, సెట్లుగా వస్తాయి. మధ్యలో పది పదిహేను నిమిషాలు సముద్రం చెరువులా కనిపించవచ్చు. ఐదు నిమిషాలు చూసి "చిన్నవే" అని దిగినవాళ్ల మీదే పెద్ద సెట్ విరుగుతుంది. మనం వాచీ చూసుకుంటూ సెట్‌కీ సెట్‌కీ మధ్య ఎంతసేపో, ఒక్కో సెట్‌లో ఎన్ని అలలో లెక్కపెట్టాలి. కనీసం మూడు సెట్లు చూడాలి.

తర్వాత చానల్ వెతకాలి. రీఫ్ మీద నురుగు తెల్లగా పరుచుకుంటుంది. దాని పక్కన ఒకచోట నీళ్లు ముదురు రంగులో ఉండి, అలలు విరగకుండా సాగిపోతుంటాయి. అది లోతైన దారి. రీఫ్ మీద పడిన నీళ్లన్నీ ఆ దారినే సముద్రంలోకి తిరిగి వెళ్తాయి. అంటే అక్కడి ప్రవాహం లోపలికి వెళ్లేటప్పుడు మనల్ని మోసుకెళ్తుంది. అదే ప్రవాహం తిరిగి వచ్చేటప్పుడు మనకు ఎదురు. ఈ సంగతి మరచిపోయి, అలసిపోయిన చేతులతో చానల్‌కి ఎదురీదుతూ గంటసేపు ఉన్నచోటే ఉండిపోయినవాళ్లను చూశాను. వెళ్లిన దారినే రావాలన్న నియమం లేదు. స్థానిక సర్ఫర్లు ఎక్కడ దిగి ఎక్కడ ఒడ్డెక్కుతున్నారో ఇద్దరు ముగ్గుర్ని కళ్లతో వెంబడించండి, తేడా కనబడుతుంది. బాలిలో ఉలువాతు అనే సర్ఫింగ్ చోటు దగ్గర ఒక గుహలోంచే రావాలి, పోవాలి. వచ్చేటప్పుడు నేరుగా గుహకి గురిపెడితే ప్రవాహం దాన్ని దాటించేస్తుంది. ప్రవాహానికి ఎగువగా గురిపెట్టాలి. తప్పిపోతే రాళ్ల దగ్గర పెనుగులాడకుండా మళ్లీ సముద్రంలోకి వెళ్లి చుట్టి రావాలి.

మూడోది ఆటుపోట్లు. దిగేటప్పుడు ఉన్న లోతు వచ్చేటప్పుడు ఉండదు. నా మొదటి ట్రిప్పులో నిండు పోటు మీద, ఛాతీ లోతు నీళ్లలో రీఫ్ దాటి వెళ్లాను. మూడు గంటల తర్వాత వస్తే అదే చోట నీళ్లు మోకాలి కిందికి ఉన్నాయి. నిలబడితే కాలు పగడాల సందుల్లో ఇరుక్కుంటోంది, పడుకుంటే ఫిన్లు గీసుకుంటున్నాయి. ప్రతి చిన్న అలా నన్ను ఎత్తి ముందుకి పడేసింది. ఒడ్డు చేరేసరికి రెండు మోకాళ్లూ అరచేతులూ రక్తం. నీళ్లు ఒకే వేగంతో తగ్గవు. పోటుకి ఆటుకి మధ్య ఉండే ఆరు గంటల్లో నడిమి రెండు గంటల్లోనే దాదాపు సగం పోతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. చాలాచోట్ల పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంటుంది. పసిఫిక్ సముద్రంలోని తాహితీ దీవిలో మాత్రం రోజూ దాదాపు మధ్యాహ్నానికి, అర్ధరాత్రికే వస్తుంది. కాబట్టి పక్క దీవి అనుభవం పనికిరాదు, అక్కడి పట్టికే చూడాలి. నా నియమం ఒకటే: నీళ్లు ఎక్కుతుండగా దిగాలి, నిండు పోటు దాటిన గంటలోపు ఒడ్డున ఉండాలి. అలలు ఎంత బాగున్నా సరే.

దిగేముందు ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకోండి. ముందు ఒక కొబ్బరిచెట్టు, దాని వెనక సరిగ్గా ఒక ఇంటి కప్పు. నీళ్లలోంచి చూసినప్పుడు రెండూ ఒకే గీతలో ఉంటే మీరు ఉండాల్సిన చోటే ఉన్నారు. విడిపోతే ప్రవాహం మిమ్మల్ని జరిపేసింది. యాప్‌లు ఈ సంగతి చెప్పవు.

5. మొదటి గంట

చానల్ పక్కన, అల నెమ్మదించే అంచున కూర్చోండి. అల విరిగే చోటికి దగ్గరున్నవాళ్లదే ఆ అల, అడ్డు పడొద్దు. పడితే తలకిందులుగా దూకకుండా, బల్లపరుపుగా నీళ్ల మీద వాలి, చేతులతో తల కప్పుకోండి. లోతు ఎంత ఉన్నా రీఫ్ మీద నిలబడే ప్రయత్నం చేయొద్దు. అది మీ కాలికి ప్రమాదం, పగడానికీ ప్రమాదమే.

6. గీరుకుంటే

వెంటనే బయటికి రండి. మంచినీళ్లు ధారగా పోస్తూ, పగడపు నలుసు ఒక్కటి కూడా మిగలకుండా మెత్తటి బ్రష్‌తో కడగాలి. మంట పుడుతుంది, అయినా ఆపొద్దు. తర్వాత యాంటీసెప్టిక్ రాసి పొడిగా ఉంచండి. చుట్టూ ఎర్రబడి వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. గాయం పైన చర్మం మూసుకునేదాకా మళ్లీ నీళ్లలోకి దిగొద్దు.