కాఠ్మాండూలో ఒక్కరోజు: విద్యార్థి బృందాన్ని తిప్పి చూపే పద్ధతి

వరంగల్, హనుమకొండల నుంచి విద్యార్థులను ఒక విదేశీ రాజధానికి తీసుకువెళ్లదలచిన అధ్యాపకులకు కాఠ్మాండూ సులువైన ఊరు, ఎందుకంటే నేపాల్ వెళ్లడానికి భారతీయులకు వీసా అక్కరలేదు. అలాగని ఆధార్ కార్డు ఒక్కటే పట్టుకొని బయలుదేరవద్దు. పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థుల దగ్గర పాస్‌పోర్టు గాని ఓటరు గుర్తింపు కార్డు గాని ఉండాలి. ఇంటర్ పిల్లలైతే ప్రిన్సిపాల్ నిర్ణీత నమూనాలో ఇచ్చే గుర్తింపు పత్రం తప్పనిసరిగా తీసుకోండి. అక్కడ వారాంతపు సెలవు శనివారం కాబట్టి, గుళ్ల దగ్గర రద్దీ వద్దనుకుంటే ఆ రోజును వదిలేయండి. డబ్బు లెక్క తేలికే: మన 100 రూపాయలు వారి 160 రూపాయలకు సమానం.

ఒక్కరోజుకు నాలుగు చోట్లు చాలు. పక్కనున్న పాత ఊళ్లు పాటన్, భక్తపూర్ కూడా కలిపి చూపిస్తామని ఏజెంట్లు ఆశపెడతారు గాని, అలా చేస్తే పిల్లలు చూసేది బస్సు కిటికీని మాత్రమే.

ఎండ ముదరకముందే కొండమీది బౌద్ధ స్తూపం స్వయంభూనాథ్‌తో మొదలుపెట్టండి. తూర్పు వైపు నుంచి 365 మెట్లు నిటారుగా ఉంటాయి, కోతులు తినుబండారాల సంచులను లాక్కుపోతాయి. మళ్లీ కలిసే సమయాన్ని ఇక్కడే అందరికీ చెప్పాలి. నేపాల్ గడియారం మనకంటే 15 నిమిషాలు ముందుంటుంది, రోమింగ్ లేని ఫోన్లు మాత్రం మన సమయాన్నే చూపిస్తుంటాయి. మా బృందంలో ఐదుగురు సరిగ్గా తొమ్మిదింటికి వచ్చామని ఫోన్లు చూపించి వాదించారు, అప్పటికి బస్సు డ్రైవరు పావుగంటగా హారన్ కొడుతూనే ఉన్నాడు.

తరువాత పాత రాజభవనం ముందున్న గుళ్ల కూడలి, దర్బార్ స్క్వేర్. ఎక్కువ సమయం ఇక్కడే గడపాలన్నది నా అభిప్రాయం. మనవాళ్లు నల్లరాతి శిల్పం చూసి పెరిగినవాళ్లు, ఇక్కడ ఇటుక, కర్ర పనితనం చూస్తారు. కాఠ్మాండూ లోయలోని నేవార్ల గుళ్లలో తలుపు పైన అర్ధచంద్రాకారంలో చెక్కిన కర్రపలకను అక్కడివారు కూడా తోరణమనే పిలుస్తారు. మన వరంగల్ కోటలోని నాలుగు కాకతీయ తోరణాలను తలచుకుంటూ ఒక్కొక్కరిని ఒక్కో తలుపు ముందు నిలబెట్టి పది నిమిషాలు బొమ్మ గీయమనండి, సెల్ఫీల కన్నా అది ఎక్కువ కాలం గుర్తుంటుంది. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో కూలిపోయి మళ్లీ కట్టిన కర్ర మండపం, కాష్ఠమండపాన్ని చూపించి, ఊరి పేరు దాని నుంచే వచ్చిందని చెప్పండి. అక్కడివారు దేవతగా కొలిచే బాలిక కుమారి తన ఇంటి కిటికీ దగ్గరకు వచ్చినప్పుడు ఫోటో తీయకూడదు.

మధ్యాహ్నానికి దాల్‌భాత్ చెప్పండి. అన్నం, పప్పు మారు వడ్డిస్తారు కాబట్టి మన పిల్లలకు లోటుండదు. మోమోలు కొనేటప్పుడు మాత్రం ‘బఫ్’ అంటే గేదె మాంసమని ముందే హెచ్చరించండి.

సాయంత్రం బౌద్ధనాథ్ స్తూపం చుట్టూ ప్రదక్షిణగా ఒక్కసారి నడిచి, దగ్గరలోనే ఉన్న పశుపతినాథ్‌కు చేరండి. తోలు బెల్టులు, పర్సులు బస్సులోనే వదలమనాలి. ప్రధాన ఆలయంలో పూజలు చేసేది దక్షిణాది నుంచి వెళ్లిన భట్ట అర్చకులని చెబితే పిల్లలు ఆశ్చర్యపోతారు. బాగ్మతి నది ఒడ్డున ఒకవైపు చితులు కాలుతుంటాయి, అటువైపు ఫోన్ ఎత్తవద్దని ముందే గట్టిగా చెప్పండి. హారతి ముగియగానే జనం ఒక్కసారిగా కదులుతారు కనుక, ఆరుగురికి ఒక నాయకుణ్ణి పెట్టి, గేటు బయట ఏ దుకాణం ముందు నిలబడాలో వెలుతురు ఉండగానే చూపించండి.