ఫొటో క్లబ్బు చరిత్ర రాయాలంటే ముందు బీరువా తెరవాలి

విశాఖ లాంటి ఊళ్ళో పాత ఫొటో క్లబ్బు చరిత్ర మినిట్స్ పుస్తకంలో కంటే ప్రింట్ల వెనక, నెగెటివ్‌ల అంచున ఎక్కువ దొరుకుతుంది. చాలామంది అధ్యక్ష కార్యదర్శుల జాబితాతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. జాబితా ఇంకో ఏడాది ఆగినా ఏమీ కాదు, నెగెటివ్ ఆగదు. అందుకని ముందు ఉన్నవాటిని కాపాడాలి, తర్వాత తేదీలు తేల్చాలి, ఆపైన పెద్దవాళ్ళను అడగాలి. రాయడం ఆఖరి పని.

పాత సభ్యుల ఇంట్లో పెట్టె తెరవగానే ఏదీ సర్దకండి. ఉన్నది ఉన్నట్టు ఫోన్‌తో ఫొటో తీయండి. ఏ కవర్లో ఏ స్ట్రిప్పు దేని పక్కన ఉందో అదే తర్వాత ఆధారమవుతుంది. ఆ తర్వాత వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే అసిటేట్ ఫిల్ము (ఒక రకం ప్లాస్టిక్ ఫిల్ము) చెడటం మొదలైనట్టే. వేడి, తేమ దాన్ని తొందరపెడతాయి, ఈ ఊళ్ళో రెండింటికీ కొదవ లేదు. ఆ ఆవిరి పక్కనున్న ఫిల్మును కూడా పాడుచేస్తుంది కాబట్టి అలాంటివి వేరే పెట్టెలో పెట్టి, అన్నిటికంటే ముందు స్కాన్ చేయండి. ఒకసారి మెలితిరిగితే స్కానర్ హోల్డర్‌లో కూర్చోవు.

గుండుసూదులు, క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు వెంటనే తీసేయండి. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి ప్రింటు మీద మరక వేస్తుంది. రబ్బరులోని గంధకం వెండి బొమ్మను తినేస్తుంది. బూజు పట్టిన నెగెటివ్‌ను తడిగుడ్డతో తుడవకండి, బూజు తిన్న జెలటిన్ నీళ్ళలో కరిగి బొమ్మ ఊడి వస్తుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను మెత్తని దూదికి అద్ది, ముందు ఒక మూల పరీక్షించి, మెల్లగా తుడవండి. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ప్రింటును లాగే ప్రయత్నం అసలు వద్దు. అద్దంతోనే, రెండువైపుల నుంచి లైటు పెట్టి ఫొటో తీసుకోండి.

నిల్వకు పీవీసీ కవర్లు వాడకూడదు. పాలిప్రొపైలీన్ లేదా పాలిస్టర్ స్లీవ్‌లు కొనండి. గాలి చొరబడని 20 లీటర్ల డబ్బాలో 100 గ్రాముల నారింజ రంగు సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు), తేమ కొలిచే ఒక చిన్న హైగ్రోమీటర్ పెట్టండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. జెల్ రంగు మారితే 120 డిగ్రీల వేడిలో రెండు మూడు గంటలు ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. కవరు మీద నంబరు పెన్సిల్‌తో, లోపల ఫిల్ము పెట్టకముందే రాయాలి. పెట్టె, కవరు, ఫ్రేము వరసలో 2-14-07 లాంటి నంబరు చాలు. ఆ నంబరే స్కాన్ ఫైలు పేరు కూడా.

35 ఎంఎం నెగెటివ్‌ను ఫిల్ము స్కానర్‌లో 4000 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) దగ్గర, 16 బిట్ గ్రేస్కేల్ టిఫ్‌గా చేస్తే ఒక్కో ఫైలు దాదాపు 43 ఎంబీ వస్తుంది. వెయ్యి ఫ్రేములకు 43 జీబీ. ప్రింట్లకు 600 డీపీఐ సరిపోతుంది. స్కానర్‌లో దుమ్ము తొలగించే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయాన్ని నలుపు తెలుపు ఫిల్ముకు వాడకండి. బొమ్మలోని వెండి ఆ కిరణాలను ఆపేస్తుంది, స్కానర్ దాన్నే దుమ్మనుకుని అంచులు పాడుచేస్తుంది. ప్రింటు వెనకవైపు కూడా తప్పకుండా స్కాన్ చేయండి. మూడు కాపీలు ఉంచి, వాటిలో ఒకటి తీరానికి దూరంగా, హైదరాబాద్‌లోనో ఇంకెక్కడో ఉన్న సభ్యుల ఇంట్లో పెట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఊరు ఇది.

ఇక తేదీల సంగతి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఒక్క బొమ్మకు మూడు తేదీలుంటాయి: తీసిన రోజు, ప్రింటు వేసిన రోజు, సలాన్‌కు (ఫొటోల పోటీ ప్రదర్శనకు) పంపిన రోజు. 1972లో తీసింది 1980లో పోటీకి వెళ్ళి ఉండొచ్చు. పట్టికలో మూడింటికీ మూడు గళ్ళు పెట్టండి, తెలియని గడి ఖాళీగా వదిలేయండి.

సలాన్‌కు వెళ్ళొచ్చిన ప్రింటు వెనక పేరు, శీర్షిక, చిరునామా, ఎంపికైన స్టిక్కరు ఉంటాయి. పేరు తర్వాత ఏఎఫ్ఐఏపీ (అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఇచ్చేది) లాంటి బిరుదు ఉంటే, ఆ బిరుదు వచ్చిన సంవత్సరం తర్వాతి లేబుల్ అన్నమాట. ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ పుట్టింది 1953లో, కాబట్టి దాని ముద్ర అంతకుముందుది కాజాలదు. చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. లేకపోతే ముందుదని చెప్పలేం, ‘విశాఖపట్నం-2’ అని రాసే అలవాటు ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది. విజయనగరం విశాఖ జిల్లాలో ఉన్నట్టు రాస్తే, 1979 జూన్‌లో అది వేరే జిల్లా కాకముందుది కావచ్చు.

ఫిల్ము అంచున ‘ఇందు’ అని ఉంటే ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సరుకు. అక్కడ ఉత్పత్తి మొదలైంది 1967లో. అంచున అచ్చయిన నంబర్లలో మొదటి బొమ్మ 1 దగ్గర కాక 17వ నంబరు ఫ్రేము మీద పడిందంటే అది 100 అడుగుల రోలు నుంచి కత్తిరించి కాసెట్‌లో నింపుకున్న ఫిల్ము అయి ఉండొచ్చు. అలాంటి రోలు నుంచి 36 ఫ్రేములవి దాదాపు 18 కాసెట్లు వస్తాయి. నలుగురు కలిసి కొని పంచుకున్నారేమో అడగండి, క్లబ్బు ఎలా నడిచిందో ఆ లెక్కల్లోనే తెలుస్తుంది.

బొమ్మలోని ఊరు కూడా సాక్ష్యమే. ఆర్కే బీచ్‌లో కురుసురా జలాంతర్గామి మ్యూజియంగా తెరిచింది 2002లో, ఎదురుగా టీయూ-142 విమానం మ్యూజియం 2017లో. వాహనం మీద ఏపీ 31 ఉంటే 1989కి ముందుది కాదు. స్టేషన్‌కు వాల్తేరు పేరు పోయి విశాఖపట్నం వచ్చింది 1987లో. ఏ తేదీకైనా కనీసం రెండు వేర్వేరు ఆధారాలు దొరికితేనే పుస్తకంలోకి ఎక్కించండి.

క్లబ్బు పుట్టిన ఏడాదికీ రిజిస్ట్రేషన్ ఏడాదికీ తేడా ఉండటం మామూలే. ధ్రువపత్రంలో నంబరు పక్కన గీత తర్వాత ఉండేది రిజిస్టరైన సంవత్సరం మాత్రమే. పత్రం పోతే జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో నకలుకు దరఖాస్తు పెట్టండి. ప్రదర్శనల వార్తల కోసం పత్రికలు తిరగేయాలి. ఈనాడు 1974 ఆగస్టు 10న విశాఖలోనే మొదలైంది కాబట్టి అప్పటినుంచి స్థానిక వార్తలు వెతకడానికి అదొక దారి.

పెద్దవాళ్ళ దగ్గరికి ప్రింట్లు పట్టుకుని వెళ్ళండి. ‘ఏ సంవత్సరం అండీ?’ అంటే గుర్తుండదు. ‘డార్క్‌రూమ్ ఎవరింట్లో ఉండేది? ఎండాకాలం ఫిల్ము కడిగే డెవలపర్‌ను 20 డిగ్రీలకు ఎలా తెచ్చేవారు?’ అని అడగండి. మే నెలలో ఇక్కడ కుళాయి నీళ్ళే 30 దాటతాయి కాబట్టి ఐసు ఎక్కణ్ణుంచి వచ్చింది, హైపో (బొమ్మను నిలిపే రసాయనం) ఏ షాపులో కొన్నారు, ఎవరి స్కూటర్ మీద తెచ్చారు అన్నవన్నీ బయటికొస్తాయి, పేర్లతో సహా. ఫ్యాను ఆపి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి రికార్డు చేయండి. గంటకు మించితే వాళ్ళు అలసిపోతారు, ఇంకో రోజు వెళ్ళండి.

ప్రింటు ఇచ్చినవారికీ తీసినవారికీ తేడా ఉంటుంది. అచ్చువేయడానికి అనుమతి తీసినవారి దగ్గర, వారు లేకపోతే వారసుల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. ఇద్దరు సభ్యులు ఒకే సంగతిని రెండు రకాలుగా చెప్తే రెండూ పేర్లతో రాయండి. చిత్తుప్రతిని అచ్చుకు ముందు పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి వాళ్ళందరికీ పంపి, దిద్దడానికి నెల రోజులు గడువు ఇవ్వండి.