ఆడిట్ కాగితాలు, అధ్యయన నివేదికలు అడిగితే "ఇవ్వం" అంటున్నారా? జవాబును బట్టి ఏం చేయాలి

పంచాయతీ ఖర్చుల్లో ఆడిట్ ఏం తేల్చిందో, ప్రభుత్వం చేయించిన అధ్యయనంలో ఏముందో తెలుసుకోవాలని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడతాం. నెల తిరిగేసరికి ఒక్క లైను జవాబు వస్తుంది: "సెక్షన్ 8 ప్రకారం ఇవ్వడం కుదరదు." చాలామంది అక్కడితో వదిలేస్తారు. దయచేసి వదిలేయకండి. ఆ సెక్షన్‌లోని మినహాయింపుల్లో ఎక్కువ భాగం ఫైలు మొత్తానికీ ఎల్లకాలం వర్తించేవి కావు. ఫైలు ఏ దశలో ఉంది, అందులో మీరు అడిగింది ఏ కాగితం అన్నదాన్ని బట్టి మారతాయి. కాబట్టి జవాబులో వాడిన మాట ఏమిటో ముందు చూసుకోండి.

సమస్య: "ఆడిట్ ఇంకా నడుస్తోంది, సభా హక్కులకు భంగం"

కారణం: ఆడిట్ కాగితాలన్నీ ఒకటి కావు. ఆడిటర్ తనిఖీకి వచ్చినప్పుడు తన సందేహాలు, అభ్యంతరాలతో రాసిచ్చే హాఫ్ మార్జిన్ మెమోలు, వాటికి ఆఫీసు సమాధానాలు, తర్వాత ఆఫీసుకు పంపే తనిఖీ నివేదిక, అందులోని పెద్ద విషయాలతో తయారయ్యే ముసాయిదా పేరా... ఇవన్నీ దాటాక, రాజ్యాంగం 151వ అధికరణ ప్రకారం గవర్నరుకు చేరి అసెంబ్లీ ముందుకొచ్చే కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదిక. అధికారి చూపించే 8(1)(సి) చట్టసభల హక్కులకు సంబంధించింది. ముసాయిదా పేరా విషయంలో ఆ వాదనకు బలం ఉంది, ఎందుకంటే అది సభ ముందుకు వెళ్లాల్సిన నివేదికలో భాగం. కానీ ఆఫీసుకు ఎప్పుడో అందిపోయిన తనిఖీ నివేదిక సభలో పెట్టే పత్రం కాదు. దానికి ఈ సెక్షన్ అతకదన్నది నా గట్టి అభిప్రాయం. అప్పీలులో ఈ తేడానే రాయండి.

పరిష్కారం: "ఆడిట్ కాగితాలన్నీ ఇప్పించండి" అని అడిగితే తిరస్కరించడం వాళ్లకు తేలిక. ఇలా రాయండి:

"2022-23 సంవత్సరానికి మా గ్రామ పంచాయతీకి అందిన ఆడిట్ నివేదిక నకలు, అందులోని అభ్యంతరాలకు పంచాయతీ పంపిన సమాధానాల నకళ్లు, ఇంకా పరిష్కారం కాని అభ్యంతరాల జాబితా ఇవ్వగలరు."

ఇంకో మాట. ఆడిట్ చేసిన ఆఫీసును కాకుండా, ఆడిట్ జరిగిన ఆఫీసును అడగండి. నివేదిక కాపీ వాళ్ల బీరువాలోనే ఉంటుంది, సమాధానాలు రాసిందీ వాళ్లే. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. పంచాయతీ అయితే దరఖాస్తు కంటే ముందు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వారి ఆడిట్ ఆన్‌లైన్ పోర్టల్ ఒకసారి చూడండి. అక్కడే దొరికితే నెల రోజులు కలిసొస్తాయి.

సమస్య: "విచారణలో ఉంది"

కారణం: 8(1)(హెచ్). ఇందులో అసలు షరతు, సమాచారం ఇస్తే విచారణకు ఆటంకం కలగాలి. విచారణ జరుగుతోందన్న ఒక్క కారణం చాలదని, ఆటంకం ఎలా కలుగుతుందో అధికారి చూపించాలని ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్ సింగ్ అనే దరఖాస్తుదారు కేసులో చెప్పింది.

పరిష్కారం: ఆటంకం ఏమిటో చెప్పమని మొదటి అప్పీలులో (అదే శాఖలోని పై అధికారికి వేసేది) అడగండి. తిరస్కరణ సరైనదేనని నిరూపించే భారం అధికారిదేనని 19(5) చెబుతోంది. సాక్షుల పేర్లు, వాంగ్మూలాలు దాచినా మిగతావి ఇవ్వాల్సిందే. సెక్షన్ 10 ఉన్నది అందుకే. దాచాల్సిన భాగం కొట్టేసి మిగిలింది ఇమ్మని ఆ సెక్షన్ పేరు పెట్టి అడగండి.

సమస్య: "నివేదిక ముసాయిదా దశలోనే ఉంది, ప్రభుత్వం ఇంకా ఆమోదించలేదు"

అధ్యయన నివేదికలకు ఎక్కువగా వచ్చే జవాబు ఇదే. నాకు ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే, ఎందుకంటే నిర్ణయం అయిపోయాక నివేదిక చేతికొస్తే జనం చెప్పగలిగేది ఏముంటుంది?

కారణం: ఆమోదం పొందకపోవడం అన్నది సెక్షన్ 8లో మినహాయింపుగా లేనే లేదు. పశ్చిమ కనుమల మీద మాధవ్ గాడ్గిల్ కమిటీ 2011 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. రాష్ట్రాలతో సంప్రదింపులు నడుస్తున్నాయి, ఇది తుది నివేదిక కాదు అంటూ కేంద్ర పర్యావరణ శాఖ బయటపెట్టలేదు. ఇవ్వాలని 2012 ఏప్రిల్‌లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించింది. శాఖ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి మే 17న ఓడిపోయింది. వారం తిరక్కుండానే నివేదిక వెబ్‌సైట్‌లోకి వచ్చింది.

పరిష్కారం: కమిటీ సంతకం చేసి అప్పగించిన తేదీ కనుక్కోండి. అప్పగించాక అది ప్రభుత్వం దగ్గరున్న సమాచారమే. అప్పీలులో గాడ్గిల్ కమిటీ కేసును ప్రస్తావించండి. అయితే సర్వేలో జవాబులిచ్చినవాళ్ల వివరాలు మాత్రం అడగొద్దు. 2008 గణాంకాల సేకరణ చట్టం వాటిని కాపాడుతుంది, అది న్యాయం కూడా. ప్రశ్నావళి, శాంపిల్ ఎలా ఎంచుకున్నారు, పేర్లు లేని పట్టికలు అడగండి.

సమస్య: "నమ్మకం మీద మాకు ఇచ్చిన సమాచారం"

8(1)(ఇ) ఇది. బ్యాంకుల తనిఖీ నివేదికల విషయంలో రిజర్వ్ బ్యాంక్ ఇదే వాదన చేసింది. జయంతిలాల్ మిస్త్రీ కేసులో 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తనిఖీ చేసే సంస్థ తాను తనిఖీ చేసేవాళ్ల రహస్యాలకు కాపలా కాదని, దాని బాధ్యత ప్రజలకేనని ఆ తీర్పు సారం. తనిఖీ సంస్థ ఏదైనా ఈ జవాబిస్తే ఆ తీర్పును చూపించండి.

సమస్య: "వ్యక్తిగత సమాచారం"

ఇక్కడ పని కష్టమైంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ద్వారా 8(1)(జె)ని మార్చి, అందులో ఉన్న ప్రజా ప్రయోజనం షరతును తీసేశారు. కానీ 8(2) అలాగే ఉంది. దాచడం వల్ల కాపాడేదానికన్నా చెప్పడం వల్ల ప్రజలకు మేలు ఎక్కువైతే ఇవ్వొచ్చని అది చెబుతోంది. ఆ మేలు ఏమిటో దరఖాస్తులోనే రెండు వాక్యాల్లో రాయండి. బిల్లు మీద సంతకం చేసిన అధికారి హోదా అడగండి, ఇంటి చిరునామా కాదు.

ఏ కారణమూ చెప్పకపోతే

7(8) ప్రకారం తిరస్కరణకు కారణం, అప్పీలు గడువు, అప్పీలు అధికారి వివరాలు లేఖలోనే ఉండాలి. లేకపోతే అప్పీలులో మొదటి పాయింటు అదే చేయండి. జవాబు అందిన 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. ఆ ఉత్తర్వు వచ్చాక 90 రోజుల్లో రెండో అప్పీలు. అది ఎవరికి పంపాలన్న దగ్గర చాలామంది పొరపాటు పడతారు. అకౌంటెంట్ జనరల్ ఆడిట్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా, విజయవాడలో ఉన్నా అది కాగ్ కింద పనిచేసే కేంద్ర కార్యాలయం, కాబట్టి కేంద్ర సమాచార కమిషన్‌కు వెళ్లాలి. పంచాయతీలను తనిఖీ చేసే స్టేట్ ఆడిట్ శాఖ మీద అయితే రాష్ట్ర సమాచార కమిషన్‌కు.