హామ్‌స్టర్‌కు, గినీ పిగ్‌కు నోట్లో మందు పట్టేటప్పుడు: సిరంజి ఒక్కసారే నొక్కొద్దు

మొన్న మిర్యాలగూడలో తెలిసినవాళ్ల ఇంట్లో పిల్లలు పెంచుకునే హామ్‌స్టర్ (ఎలుక లాంటి చిన్న పెంపుడు ప్రాణి) చనిపోయింది. జబ్బుతో కాదు, మందు పట్టిన తీరుతో. సర్ది అయిందని డాక్టర్ సిరప్ రాసిచ్చారు. దాన్ని వెల్లకిలా పట్టుకుని సిరంజి మొత్తం నొక్కేశారు. మందు ముక్కులోంచి నురగలా బయటికొచ్చింది, మర్నాటికి ఊపిరాడక పోయింది. ముసురు పట్టే రోజులు కదా, ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదనే నా టెన్షన్.

నేను చూసినంతలో ఎక్కువ ప్రాణాలు తీసిన తప్పు ఇదే. హామ్‌స్టర్ లాంటి నూరు, నూట యాభై గ్రాముల ప్రాణికి ఒక్క చుక్కే నిండు గుక్క. అది మింగకముందే ఇంకా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది.

టవల్లో చుట్టి, కాళ్లు కిందికి ఉండేలా ఒళ్లో కూర్చోబెట్టండి. తల వెనక్కి వంచొద్దు. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది. సూది లేని సిరంజి కొనను పక్కనుంచి అక్కడ పెట్టి ఒక్క చుక్క వదలండి. దవడ ఆడుతుంది, మింగుతుంది. అది కళ్లారా చూశాకే రెండో చుక్క. హామ్‌స్టర్‌కు బుగ్గల్లో సంచులుంటాయి, మందు వాటిలో నిలిచిపోకుండా కొన నాలుక వైపు ఉండాలి.

కొలత దగ్గర ఇంకో ప్రమాదం. ఇన్సులిన్ సిరంజితో కొలిస్తే జాగ్రత్త, అవి రెండు రకాలు: ఒకదాంట్లో 40 యూనిట్లు 1 మి.లీ., ఇంకోదాంట్లో 100 యూనిట్లు 1 మి.లీ. డాక్టర్ 0.1 మి.లీ. రాస్తే మొదటిదాంట్లో 4 యూనిట్లు, రెండోదాంట్లో 10 యూనిట్లు. తారుమారై మొదటిదాంట్లో 10 తీస్తే రెండున్నర రెట్లు పడుతుంది. మందుల షాపులో మి.లీ. గీతలున్న 1 మి.లీ. సిరంజే అడగండి.

సూది ఊడని సిరంజిని కత్తిరించి వాడొద్దు, అంచు నోరు కోస్తుంది.

పిల్లలకు వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ (యాంటీబయాటిక్) వీటికి వేయొద్దు. వీటి పేగుల్లో మంచి బ్యాక్టీరియా చచ్చి, చెడ్డది పెరిగి విషం పుడుతుంది, ప్రాణం పోతుంది.

నీళ్ల సీసాలో కలపొద్దు. ఎంత తాగిందో తెలియదు, చేదైతే నీళ్లే మానేస్తుంది.

ఎక్కువైతే కక్కుతుందిలే అనుకోవద్దు. వీటికి వాంతి రాదు.

సిరంజి పిల్లల చేతికి ఇవ్వొద్దు.

గింజుకుంటే ఆపండి, ఊపిరి నెమ్మదించాక మళ్లీ పట్టండి. త్వరగా అయిపోవాలని మొత్తం నొక్కొద్దు. మళ్లీ చెప్తున్నా, నొక్కొద్దు.

మన దగ్గర పశువుల దవాఖానకు వచ్చేవి ఎక్కువగా బర్రెలు, మేకలే. అందుకని వంటింటి కాటా మీద తూచి, బరువు గ్రాముల్లో చెప్పి డోసు రాయించుకోండి.

గినీ పిగ్ ఒక పూట మేత ముట్టకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. మందు పట్టాక ముక్కు తడిసినా, ఊపిరిలో టక్ టక్ శబ్దం వచ్చినా ఇంకో డోసు వేయకుండా డాక్టర్‌కు చూపించండి.