పెద్ద జంతువుల వేటకు చేతి తుపాకీని ఎంచుకోవడం ఎలా?

అమెరికాలో జింక, అడవిపంది, ఎల్క్, ఎలుగుబంటి వంటి పెద్ద జంతువులను రైఫిల్‌తోనే కాక చేతి తుపాకీతో వేటాడటానికి కూడా చాలా రాష్ట్రాలు అనుమతిస్తున్నాయి. ఈ వేటకు కొత్తగా దిగేవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న ఏ తూటా అన్నిటికన్నా బలమైనదని. నిజానికి అది రెండో ప్రశ్న. తుపాకీ పేలినప్పుడు వెనక్కి కొట్టే తన్నును మీ చేయి ఎంత ఓర్చుకుని, ఎంత దూరం నుంచి గుండును (తూటాలోంచి దూసుకుపోయే లోహపు ముక్కను) జంతువు గుండె, ఊపిరితిత్తుల దగ్గరికి తప్పకుండా చేర్చగలదన్నది ముందుగా తేల్చుకోవాలి. కాలిబరూ (గుండు వ్యాసపు కొలత), తుపాకీ బరువూ, గురిచూసే సాధనమూ దాన్నిబట్టి వాటంతటవే తేలుతాయి.

ఎంపికకు ముందు చట్టం సంగతి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వినోదం కోసం వేటను నిషేధించింది కనుక ఈ వ్యాసం అమెరికాలో ఉంటున్న తెలుగువారికి మాత్రమే పనికివస్తుంది. అక్కడ గ్రీన్‌కార్డు ఉన్నవారికీ, పౌరులకూ ఈ విషయంలో పెద్ద ఇబ్బంది లేదు. హెచ్-1బి, ఎఫ్-1 వంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని మాత్రం ఫెడరల్ చట్టం నేరంగా పరిగణిస్తుంది. దీనికున్న మినహాయింపుల్లో మనవాళ్ళకు సాధారణంగా వర్తించేది ఒకటే: ఏదైనా అమెరికన్ రాష్ట్రం చట్టబద్ధంగా జారీ చేసిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండటం. టెక్సస్‌లో 2019 నుంచి, భూమి యజమాని అనుమతి ఉంటే, ప్రైవేటు భూముల్లో అడవిపందుల వేటకు లైసెన్సు అక్కర్లేదు. ఆ మాట విని వీసా మీద ఉన్నవారు లైసెన్సు తీసుకోవడం మానేస్తే పంది విషయంలో తప్పు ఉండదు గానీ, చేతిలో ఉన్న తుపాకీయే నేరమవుతుంది. అక్కడి లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది కాబట్టి ఆ తేదీని కూడా గుర్తుంచుకోవాలి. లైసెన్సున్న దుకాణదారు నుంచి చేతి తుపాకీ కొనడానికి 21 ఏళ్ళు నిండాలి, సొంత రాష్ట్రంలోనే కొనాలి. వీసా విషయంలో ఏమాత్రం సందేహమున్నా, కొనకముందే లాయరుతో మాట్లాడటం మంచిది.

రాష్ట్రాల వేట నిబంధనలు ఒకదానితో ఒకటి పోలవు. కొలరాడోలో పెద్ద జంతువుల వేటకు చేతి తుపాకీ బ్యారెల్ (గొట్టం) కనీసం 4 అంగుళాలుండాలి, గుండుకు 50 గజాల దగ్గర కనీసం 550 ఫుట్-పౌండ్ల (గుండు శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి మిగిలి ఉండాలి. టెక్సస్ కాలిబర్ ఇంత ఉండాలని చెప్పదు గానీ జింకల మీద రిమ్‌ఫైర్ తూటాలను (అడుగు అంచున దెబ్బ తగిలితే పేలేవి) వాడనివ్వదు. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం లేని గుండ్లే వాడాలి. అంటే కింద చెప్పబోయే గట్టి సీసపు గుండు అక్కడ కుదరదు, రాగి గుండు కొనుక్కోవాలి. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి, తుపాకీ ఖరీదు చెల్లించే ముందే రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఆ ఏడాదికి వెలువరించిన నిబంధనల పుస్తకం చూసుకోవాలి.

ఇక గుండు ఏం చేస్తుందో అర్థం చేసుకుంటే ఎంపిక సగం తేలినట్టే. .30-06 రైఫిల్ గుండు దాదాపు 2,800 ఫుట్-పౌండ్ల శక్తితో బయలుదేరుతుంది; .44 మాగ్నం (మాగ్నం అంటే మామూలుకన్నా బలంగా చేసిన తూటా) రివాల్వర్ గుండుకు అందులో మూడో వంతే ఉంటుంది. అయినా ఆ .44 దశాబ్దాలుగా జింకలనూ, ఎల్క్‌లనూ పడగొడుతూనే ఉంది. రైఫిల్ గుండు వేగం వల్ల చుట్టూ ఉన్న కండ కూడా చిరిగిపోతుంది. చేతి తుపాకీ గుండుకు అంత వేగం లేదు కనుక అది తన దారిలో ఉన్నదాన్ని మాత్రమే ఛేదిస్తుంది. అందువల్ల గుండు వెడల్పుగా ఉండటం, బరువుగా ఉండటం, ఎముక తగిలినా దారి తప్పకుండా లోతుకు పోవడం అనే మూడూ కాగితం మీది శక్తి అంకెకన్నా ముఖ్యం. అనుభవమున్న వేటగాళ్ళు రెండు రంధ్రాలు కావాలంటారు: ఒకటి లోపలికి, ఒకటి బయటికి. రెండో రంధ్రం ఉంటే నెత్తురు త్వరగా పోతుంది, గడ్డిలో జాడ పట్టుకోవడమూ తేలికవుతుంది. పక్కటెముకల వెనుక ఊపిరితిత్తులకు తగలవలసిన జింకకు మెత్తగా విచ్చుకునే జాకెట్ గుండు (సీసం మీద రాగి పొర ఉన్నది) చాలు. భుజాల మీద గట్టి కవచంలాంటి పొర పెరిగిన ముదురు మగపందికీ, ఎల్క్‌కూ, ఎలుగుబంటికీ బల్లపరుపు ముక్కుతో పోతపోసిన గట్టి సీసపు గుండు మేలు.

కాలిబర్ల విషయానికొస్తే, 1935 నాటి .357 మాగ్నంను దగ్గరి దూరంలో, నిలకడగా కాల్చగలవారు జింకకు వాడవచ్చు. అంతకు మించిన జంతువుకు నేను సిఫార్సు చేయను. 1964లో వచ్చిన .41 మాగ్నం మంచి తూటాయే గానీ దుకాణాల్లో దొరకడం కష్టం. స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ సంస్థలు 1955లో తెచ్చిన .44 మాగ్నం చాలామందికి సరైన సమాధానం. గుండు వ్యాసం 0.429 అంగుళం, బరువు మామూలుగా 240 గ్రెయిన్లు అంటే సుమారు 15.5 గ్రాములు; బలమైన తుపాకీలో 300 గ్రెయిన్ల దాకా పోవచ్చు. అదే తుపాకీలో తక్కువ తన్నే .44 స్పెషల్ కూడా కాల్చుకోవచ్చు. 1873 నాటి .45 కోల్ట్ తూటాలో ఆధునిక పద్ధతిలో మందు బలంగా నింపితే .44కు ఏమాత్రం తీసిపోదు. అయితే ఆ బలమైన తూటాలను రూగర్ బ్లాక్‌హాక్ వంటి దృఢమైన తుపాకీలలోనే కాల్చాలి, పాత కోల్ట్ రివాల్వర్‌లో గానీ దాని నకళ్ళలో గానీ కాల్చితే సిలిండర్ (తూటాలు పట్టే, గుండ్రంగా తిరిగే భాగం) పగిలే ప్రమాదముంది.

ఆపై మెట్టు .454 కసుల్. 1983లో వయోమింగ్‌లోని ఫ్రీడమ్ ఆర్మ్స్ దీనికి తగిన అయిదు తూటాల రివాల్వర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. బలమైన తూటాతో ఇది 1,700 ఫుట్-పౌండ్లు దాటుతుంది, ఆ సిలిండర్‌లోనే .45 కోల్ట్ కూడా పడుతుంది కనుక సాధనకు వీలు. 2001లో వచ్చిన .480 రూగర్ నా దృష్టిలో రావలసినంత పేరు రాని తూటా: గుండు వెడల్పు, బరువు రెండూ ఎక్కువ, వేగం మితంగా ఉండటంతో తన్ను కసుల్ కన్నా నెమ్మది. 2003 నాటి .500 ఎస్ అండ్ డబ్ల్యు (స్మిత్ అండ్ వెసన్), 2005 నాటి .460 అన్నవి కొండంత తుపాకీలు. .500కు దాదాపు 2,500 ఫుట్-పౌండ్ల శక్తి ఉంటుంది, పొడవాటి బ్యారెల్ నమూనా దాదాపు 2 కిలోలు తూగుతుంది. అడవిదున్ననో, పెద్ద గోధుమ ఎలుగునో వేటాడేవారికి దాని అవసరం ఉండవచ్చు. టెక్సస్ జింక కోసం దాన్ని కొన్నవారు మాత్రం చాలామంది కొద్ది రోజులకే అమ్మకానికి పెడతారు.

తుపాకీ రకాల్లో సింగిల్ యాక్షన్ రివాల్వర్ (ప్రతిసారీ సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగాల్సినది) పిడి కాల్చినప్పుడు అరచేతిలో పైకి దొర్లి తన్నులో కొంత మింగేస్తుంది. పైగా ధర తక్కువ, నిర్మాణం గట్టి. డబుల్ యాక్షన్‌లో (ట్రిగ్గర్ నొక్కితేనే సుత్తి కూడా కదిలే రకంలో) రూగర్ సూపర్ రెడ్‌హాక్‌కు ఒక సౌకర్యముంది: టెలిస్కోప్ బిగించే గాళ్ళు దాని చట్రంలోనే చెక్కి ఉంటాయి. 7.5 అంగుళాల బ్యారెల్‌తో అది 1.5 కిలోలు తూగుతుంది. రోజంతా మోయడానికి బరువే గానీ, కాల్చే క్షణంలో ఆ బరువే ఆదుకుంటుంది. రెండున్నర అంగుళాల పొట్టి బ్యారెల్ రివాల్వర్లు ఎలుగు మీదపడితే కాపాడుకోవడానికి చేసినవి, వేటకు పనికిరావు. మంచె మీద కూర్చుని 100 గజాలు దాటి కాల్చాలనుకునేవారు టాంప్సన్ సెంటర్ కంటెండర్ వంటి ఒంటి తూటా తుపాకీని చూడవచ్చు, అందులో .30-30 వంటి రైఫిల్ తూటాలూ పడతాయి.

మామూలు ఇనుప గురితో 50 గజాలు చాలామందికి హద్దు. నలభై దాటిన కళ్ళకు ముందు గురిపుల్ల మసకబారుతుంది కాబట్టి రెడ్‌డాట్ (అద్దంలో ఎర్రచుక్క చూపే గురి సాధనం) పెట్టుకోవడం తెలివైన పని. టెలిస్కోప్ కావాలంటే చేయి చాచి చూడటానికి వీలుగా చేతి తుపాకీ కోసమే తయారైనది కొనాలి. రైఫిల్ టెలిస్కోప్‌ను ఆ దూరంలో పట్టుకుంటే దృశ్యం పూర్తిగా కనబడదు.

మీ హద్దు ఎంతో తేల్చుకోవడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. విందుల్లో వాడే తొమ్మిది అంగుళాల తెల్ల కాగితపు పళ్ళెం జింక గుండె, ఊపిరితిత్తులున్న చోటికి సుమారుగా సరిపోతుంది. దాని మీద ఏ గుర్తూ పెట్టకుండా, జింక ఒంటి మీద గీసిన వృత్తమేదీ ఉండదు కనుక, 25 గజాల దగ్గర అతికించండి. బల్ల మీద ఇసుక సంచి పెట్టి కాదు, మోకాలి మీద కూర్చునో, చెట్టుకు ఆనుకునో, రెండు కర్రల ఊతతోనో, అడవిలో ఎలా కాలుస్తారో అలాగే కాల్చండి. ప్రతి గుండూ పళ్ళెంలో పడితేనే పది గజాలు వెనక్కి జరగండి. మొదటి గుండు పళ్ళెం తప్పిన దూరానికి ముందున్న దూరమే మీ హద్దు. ఇదే పరీక్షను .44తోనూ, అరువు తెచ్చుకున్న .454తోనూ చేస్తే, రెండో తుపాకీతో హద్దు దగ్గరికి కుంచించుకుపోవడం చాలామందికి కళ్ళారా కనబడుతుంది. అలాంటప్పుడు కొనవలసింది .44.

తన్నుకు భయపడి పేలకముందే చేయి అదరడం ఈ తుపాకీలతో వచ్చే అసలు జబ్బు. అది ఉందో లేదో తెలియాలంటే, మీకు తెలియకుండా స్నేహితుడి చేత సిలిండర్‌లో కొన్ని గదులను కాల్చిన ఖాళీ తొడుగులతో నింపించి ట్రిగ్గర్ నొక్కండి. ఖాళీ తొడుగు దగ్గర గొట్టం కిందికి వంగితే జబ్బు ఉన్నట్టే. తేలిక తూటాలకు దిగి మళ్ళీ మొదలుపెట్టాలి. .500 వంటి తుపాకీని మొదటిసారి పట్టుకునేవారికి సిలిండర్‌లో ఒక్క తూటా మాత్రమే పెట్టి ఇవ్వాలి, ఎందుకంటే తన్ను దెబ్బకు వేలు తెలియకుండానే రెండోసారి ట్రిగ్గర్ నొక్కిన సందర్భాలున్నాయి. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్యనున్న సందులోంచి వేడి వాయువు కత్తిలా కోసుకుంటూ వస్తుంది కనుక ఊతమిచ్చే చేతి వేళ్ళను దానికి దూరంగా ఉంచాలి. అడవిలో కూడా చెవులకు రక్షణ తప్పనిసరి. గొట్టం చివర బ్రేక్ (తన్ను తగ్గించడానికి వాయువును పక్కలకు మళ్ళించే భాగం) ఉన్న తుపాకీ చెవులకు మరీ ప్రమాదం.

చివరిగా తూటాలు. తుపాకీ కొన్నాక మూడు నాలుగు రకాల పెట్టెలు తెచ్చి, మీ బ్యారెల్‌కు ఏది నచ్చుతుందో పళ్ళెం మీదే చూసుకోండి. సిలిండర్‌ను నింపి, చివరి తూటా ఒక్కటి మిగిల్చి మిగతావన్నీ కాల్చి, ఆ మిగిలినదాన్ని బయటికి తీసి కొత్త తూటాతో పోల్చండి. గుండు తొడుగులోంచి ముందుకు జరిగి ఉంటే, తన్నుల కుదుపుకు దాని పట్టు సడలుతోందన్నమాట. ఇంకాస్త జరిగితే గుండు ముక్కు చట్రానికి తగిలి సిలిండర్ తిరగదు, గాయపడ్డ పంది ఎదురుగా ఉన్నప్పుడు రెండో తూటా పేలదు. ఆ రకాన్ని పక్కన పెట్టి, పట్టు సడలని రకాన్ని ఒకే లాట్ నంబరులో (ఒకే విడతలో తయారైనవి) సీజను మొత్తానికి సరిపడా కొనుక్కోండి.