మసక చుక్కకు నడుమ ఎక్కడ? (మైక్రోస్కోప్ పాఠాలు - 3)

కిందటి పాఠం జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ అబ్బే గీసిన గీత దగ్గర ఆపాం. మామూలు వెలుగుతో చూస్తే, సుమారు 200 నానోమీటర్లకన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు కలిసిపోయి ఒక్కటిగా కనబడతాయి. 1873 నుంచీ ఇదే మాట. కణంలోని ప్రోటీన్లేమో కొన్ని నానోమీటర్లే ఉంటాయి.

పెళ్ళిపందిరి సీరియల్ లైట్లు దూరం నుంచి ఒకే వెలుగుముద్దలా కనిపిస్తాయి కదా. అన్నీ ఆర్పి ఒక్కొక్కటే వెలిగిస్తే? ప్రతి బల్బూ మసకగానే ఉంటుంది, కానీ అదెక్కడుందో చెప్పొచ్చు. అమెరికన్ శాస్త్రవేత్త ఎరిక్ బెట్జిగ్ పట్టుకున్న కిటుకు ఇదే.

కాగితం, పెన్ను తీసుకోండి. ఒక్క అణువు వెలిగింది. కెమెరాలో ఒక వరుసలో ఐదు గడులు, గడి 100 నానోమీటర్లు. వాటిలో పడ్డ ఫోటాన్లు (వెలుగు రేణువులు): 4, 20, 40, 28, 8. మొత్తం 100.

గడి నంబరుతో ఫోటాన్లను గుణించి కూడండి: 4 + 40 + 120 + 112 + 40 = 316. దాన్ని 100తో భాగిస్తే 3.16. అంటే అణువు మూడో గడి నడుమ నుంచి కుడికి 16 నానోమీటర్ల దూరంలో ఉంది. గడి కన్నా సన్నగా కొలిచేశాం!

ఎంతవరకు నమ్మొచ్చు? చుక్క పరపు (ప్రామాణిక విచలనం) ఇక్కడ దాదాపు 97 నానోమీటర్లు. దాన్ని ఫోటాన్ల సంఖ్య వర్గమూలంతో, అంటే 10తో భాగించండి. అటూ ఇటూ 10 నానోమీటర్ల తేడా. సగానికి తగ్గాలంటే 400 ఫోటాన్లు కావాలి. రెట్టింపు చాలదు, చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

లెక్క ఇంత తేలిక. అణువులను విడివిడిగా వెలిగించడమే కష్టం. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో విసుగెత్తి బయటికొచ్చిన బెట్జిగ్, అణువులను విడదీసి చూడాలన్న ఆలోచనను 1995లోనే అచ్చువేశాడు. దారి దొరక్క మిషిగన్‌లో నాన్నగారి యంత్రాల కంపెనీలో చేరిపోయాడు. 2002లో ప్యాటర్సన్, లిపిన్‌కాట్-ష్వార్జ్ అనే శాస్త్రవేత్తలు ఊదారంగు వెలుగు తగిలాకే మెరిసే ప్రోటీన్ తయారుచేశారు. 2005లో ఆ సంగతి తెలియగానే, పాత సహోద్యోగి హెరాల్డ్ హెస్ ఇంటి హాల్లోనే ఇద్దరూ మైక్రోస్కోప్ కట్టారు. ఊదా వెలుగు బొత్తిగా తగ్గించి వేస్తే ఏవో కొన్ని అణువులే మేల్కొంటాయి. వాటి నడుమలు గుర్తుపెట్టుకుని, అవి మాడిపోయాక ఇంకొన్ని. ఇలా వేల ఫ్రేముల్లో దొరికిన నడుమలన్నీ కలిపితే బొమ్మ. 2006లో పేపరు, 2014లో హెల్, మోర్నర్‌లతో కలిసి కెమిస్ట్రీ నోబెల్.

ఇంటిపని: పై ఐదు గడుల్లోనూ 10 చొప్పున కలపండి. కణం నుంచి వచ్చే చిల్లర వెలుగు అనుకోండి. నడుమ 3.11కి జరుగుతుంది. ఎందుకు జరిగిందో, ఏం చేస్తే మళ్ళీ 3.16 వస్తుందో రాసిపెట్టుకోండి. నాలుగో పాఠం అక్కడి నుంచే.